హైపర్‌టూఫా కుండీలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో మా మిద్దె మీద నాలుగేళ్ల కిందట ఏడు హైపర్‌టూఫా కుండీలు, అంటే రాతి తొట్టిలా కనిపించే తేలికపాటి సిమెంటు కుండీలు, పోశాను. ఇప్పుడు ఐదు మిగిలాయి. వీడియోల్లో చూపించేదంతా మొదటి నెల అందమే. అసలు సంగతి రెండు వేసవులు గడిస్తే గానీ తెలియదు.

టూఫా అంటే బోలుగా ఉండే సున్నపు జాతి రాయి. ఇంగ్లండ్‌లో కొండ మొక్కలు పెంచేవాళ్లు పాత రాతి తొట్లు వాడేవారు. అవి దొరకడం కష్టమయ్యాక సిమెంటుతో ఈ నకలు పుట్టింది. మన కుడితి తొట్టిని తేలిగ్గా పోసినట్టన్నమాట. అక్కడ పీట్ మాస్ (చిత్తడి నేలల్లో మురిగిన నాచు) కలుపుతారు, నేను కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వేశాను. ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర పాళ్లు కోకోపీట్, ఒకటిన్నర పాళ్లు పెర్లైట్. వేడికి మరమరాల్లా పేలిన గాజురాయే పెర్లైట్. బరువు తగ్గేది ముఖ్యంగా దానివల్లే. దుమ్ము బాగా లేస్తుంది, మాస్కు ఉండాలి. గ్లవ్స్ కూడా. మొదటిసారి వట్టి చేతులతో కలిపి వారం రోజులు చెంచాతో అన్నం తిన్నాను.

నీళ్ల దగ్గరే అందరూ పొరపాటు పడతారు. నా మొదటి కుండీకి ఇడ్లీ పిండిలా కలిపాను, గోడలు జారిపోయాయి. సున్నుండ కట్టినట్టు ముద్ద నిలవాలి, గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి, అంతే. అచ్చుకు మందుల షాపులో అడిగి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలు వాడాను. అడుగున నీళ్లు పోవడానికి పైపు ముక్కలు నిలబెట్టాను. మనకు ఎక్కువగా దొరికే పీపీసీ (ఫ్లైయాష్ బూడిద కలిసిన) సిమెంటుకు బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి రెండు రోజులు ఆగి అచ్చు విప్పాలి. అప్పుడే వైర్ బ్రష్‌తో గీకితే రాతి గరుకు వస్తుంది. తర్వాత తడి గోనె కప్పి, పైన ప్లాస్టిక్ చుట్టి నెల రోజులు నీడలో ఉంచాను.

ఇక బరువు. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తున్న కుండీ ఆరాక దాదాపు 16 కిలోలు తూగింది. అదే మామూలు కాంక్రీటైతే 30 దాటేది. కానీ లోపల పట్టేది 13 లీటర్ల మట్టి. అది తడిస్తే కుండీ అంత బరువూ మళ్లీ కలుస్తుంది. తేలిక కదా అని మిద్దె నిండా పేర్చేయకండి.

కొత్త కుండీలోంచి సున్నం ఊరుతుంది. తొందరపడి నాటిన మందారం ఆకులు ఈనెలు తప్ప మొత్తం పసుపెక్కాయి. తర్వాతివాటిని పది రోజులు నీళ్లు నింపి, పారబోసి, మళ్లీ నింపి కడిగాను. అయినా మందారం, గులాబీ నేను పెట్టను. అడీనియం, కలబంద, చిన్న చిన్న జెముడు రకాలు హాయిగా ఉన్నాయి.

మే నెలలో వీటి గోడలే నీళ్లు తాగేస్తాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేరు ఉడికినట్టు ఇందులో ఉడకదు, అది నిజమే. కానీ పొద్దున పోసిన తడి సాయంత్రానికి ఉండదు. ఊళ్లకు వెళ్తే ఎవరికో ఒకరికి తాళం ఇచ్చి వెళ్లాల్సిందే.

పోయిన రెండిట్లో ఒకటి నా తప్పే, మట్టితో ఉన్నదాన్ని అంచు పట్టి ఎత్తాను. రెండోది అడీనియం దుంప ఉబ్బి నిలువునా చీల్చింది. పెద్దవి ఇక పోయను. అడుగు పొడవు లోపు అయితే, గోడ కనీసం మూడు వేళ్ల మందం ఉంచి, ఇంకా పోస్తాను.

నాచు పట్టాలని మజ్జిగ పూయమంటారు. పూశాను, చీమలు పట్టాయి. రెండో వానాకాలంలో నాచు తనంతట తానే వచ్చింది, ఏప్రిల్‌కల్లా ఎండి రాలిపోయింది. ఇప్పుడు పచ్చగా నాచు ఉన్నది ఒక్కచోటే, కుళాయి కింద పడేసిన ఆ పగిలిన ముక్కల మీద.