ఎంసీపీ కార్డు: విజయనగరం వార్డుల్లో ఆరేళ్లు వాడాక

పట్టణ వార్డుల్లో గర్భిణులకి నాలుగు మంచి మాటలు చెప్పాలంటే చేతిలో ఉండేది మాతా శిశు సంరక్షణ (ఎంసీపీ) కార్డు ఒక్కటే. ఆరేళ్లుగా వాడుతున్నాం. కార్డు మంచిదే. కాకపోతే మొదటి గడి తప్పితే తరవాతి గడులన్నీ తప్పుతాయి.

ఆ గడి ఆఖరి ముట్టు తేదీ. అడిగితే చాలామంది నెల తప్పిన తేదీ చెప్తారు. అదే రాసేస్తే కాన్పు తేదీ లెక్కలో నాలుగు వారాలు తేడా వస్తుంది. నెలలు నిండిన మనిషికి ఇంకా నెల ఉందనుకుని ఇంట్లో కూర్చోబెడతారు. అందుకే "ఆఖరిసారి ముట్టయిన మొదటి రోజు" అని విడమరిచి అడగాలి. తేదీ గుర్తు లేకపోతే పండగ పట్టుకోవాలి. పైడితల్లమ్మ సిరిమానుకి ముందా, తరవాతా? 2025లో సిరిమాను అక్టోబరు 7న. మూడు రోజుల ముందంటే అక్టోబరు 4. దానికి 9 నెలల 7 రోజులు కలిపితే 2026 జులై 11. ఒడియా వాళ్లకి జూన్ మధ్యలో వచ్చే రజో పండగ గుర్తు. రంజాన్ మాత్రం ఏటా పది, పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, ఏ ఏడుదో అడక్కుండా లెక్క కట్టకూడదు.

మాత్రల గడి నమ్మకండి. ఇచ్చినవి తెలుస్తాయి గానీ మింగినవి తెలీవు. నాలుగో నెల నుంచి ఐరన్ రోజుకొకటి, 180 రోజులు. క్యాల్షియం రోజుకి రెండు. ఖాళీ అట్టలు తెమ్మనండి, విరేచనం నల్లగా అవుతోందా అని అడగండి. అవ్వకపోతే మాత్ర డబ్బాలోనే ఉండొచ్చు. నల్లగా అవుతోందని భయపడి మానేసేవాళ్లూ ఉన్నారు, అది మామూలేనని ముందే చెప్పాలి. రోజూ వేసుకుంటున్నా రక్తం (హిమోగ్లోబిన్) 9 పాయింట్ల దగ్గరే ఆగిపోయిందంటే ఎక్కువసార్లు తప్పు టీదో పాలదో. పడుకోబోయే ముందు కుంకుమపువ్వు పాలతో ఐరన్ మింగితే పాలలోని క్యాల్షియం దాన్ని ఒంటికి పట్టనివ్వదు. చోడి (రాగి) అంబలితో వేసుకున్నా అంతే. క్యాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిన్న వెంటనే, ఐరన్ రాత్రి తిన్న గంటకి మంచినీళ్లతో. రెంటికీ నడుమ రెండు గంటలైనా ఎడం ఉండాలి. పాలు సాయంత్రానికి మార్చండి, మానమనకండి. 7 పాయింట్లకి దిగితే మాత్రలతో కాలయాపన వద్దు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

షుగర్ పరీక్ష గురించి కార్డు చూసి ఎవరికీ అర్థం కాదు. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పది నిమిషాల్లో తాగించాలి, రెండు గంటలకి రక్తం చూడాలి. 140 లేదా అంతకు మించితే గర్భంలో వచ్చిన షుగరే. అరగంటలోపు కక్కితే మర్నాడు మళ్లీ చెయ్యాలి. మొదటిసారి బాగుందని 24–28 వారాల మధ్య చేయాల్సిన రెండోది వదిలేస్తున్నారు, అదే పెద్ద పొరపాటు.

భాష దగ్గర కార్డు బలం తగ్గిపోతుంది. అక్షరాలన్నీ తెలుగు. ఒడియా, ఉర్దూ, సవర ఇళ్లల్లో అపాయ సూచనల బొమ్మలే పనికొస్తాయి. బొమ్మ మీద వేలు పెట్టి ఆమె భాషలో ఆమెచేతే చెప్పించాలి, అత్తగారు పక్కనుండగా. తలూపితే అర్థమైనట్టు కాదు. ముఖం వాచిన బొమ్మని "లావైంది, మంచిదే" అని చదివిన ఇళ్లున్నాయి. ఆ బొమ్మ దగ్గర ఆగి, తలపోటు, కళ్లు మసకబారడం కూడా కలిపి చెప్పండి. బీపీ 140/90 దాటిందేమో ఆ రోజే చూడాలి. దుబాసీగా బడికెళ్లే పిల్లల్ని పెట్టుకోవద్దు. రక్తస్రావం మాట పిల్లాడి ముందు ఏ తల్లీ చెప్పదు.

ప్రధానమంత్రి మాతృ వందన పథకం డబ్బులకి ఈ కార్డు కావాలి కాబట్టి భద్రంగా ఉండాలని లామినేషన్ చేయిస్తారు. ఆ తరవాత గడుల్లో పెన్ను పడదు. ప్లాస్టిక్ కవరు చాలని కార్డు ఇచ్చిన రోజే చెప్పాలి.

మొదటి కాన్పుకి ఏడో నెలలో పుట్టింటికి వెళ్లినప్పుడు కార్డు బీరువాలో ఉండిపోతోంది. ఒడియా అమ్మాయిలు రాయగడ వైపు వెళ్లిపోతే ఇక్కడి బీపీ, రక్తం లెక్కలు అక్కడి డాక్టరుకి తెలియవు. సీమంతం మాట వినపడగానే ఇల్లు వెతికి వెళ్లి, కార్డు అట్ట మీద పుట్టింటి ఊరి ఆశా ఫోను నంబరు, మా నంబరు, 108 రాయిస్తాం. జెల్ పెన్నుతో కాదు, బాల్ పెన్నుతో. చెమట చేత్తో పట్టుకుంటే జెల్ సిరా అలుక్కుపోతుంది.