తేజా? రీపరా? మన కడుపుకి ఏది మేలు?

"గుంటూరోళ్ళం, మనకి ఇదో లెక్కా మామయ్యా" అంటూ మా అక్క కొడుకు ఆ చిప్ నోట్లో వేసుకున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. నీళ్ళు తాగకుండా తిని చూపించాలనే ఛాలెంజ్ కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్, లోపల ఒకే ఒక్క చిప్, దాని నిండా రీపర్ అనే మిరప ముదురెరుపు పొడి. ట్యూషన్ నుంచి వచ్చాడు, ఇంకా అన్నం తినలేదు. ముందు నవ్వాడు. రెండో నిమిషానికి చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, ఎక్కిళ్ళు మొదలయ్యాయి. అరగంట గడిచేసరికి కడుపు పట్టుకుని హాల్లో గచ్చు మీద ముడుచుకుపోయాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. రాత్రి రెండింటి దాకా మా అక్క వాడి తల నిమురుతూ కూర్చుంది.

వాడు రోజూ కారం తినేవాడే. పండుమిరప పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. మరి ఎందుకిలా అయింది?

ముందు లెక్క చూద్దాం. మిరప ఘాటుని కొలిచే పద్ధతిని 1912లో విల్బర్ స్కోవిల్ కనిపెట్టాడు. ఆ కొలతలో మన గుంటూరు సన్నం 35 నుంచి 40 వేలు. గుంటూరు మిర్చి యార్డులో ఘాటుకి పేరుపడ్డ తేజ రకం దాదాపు లక్ష దాకా పోతుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా పది లక్షలు దాటింది, 2007లో గిన్నిస్ రికార్డు దానిదే. ఆ చిప్ మీద పూసిన కరోలినా రీపర్ సగటు 16 లక్షల పైమాటే. 2023లో రికార్డు కొట్టిన పెప్పర్ ఎక్స్ అనే మిరప దాదాపు 27 లక్షలు. అంటే రీపర్ ఘాటు సన్నానికి నలభై రెట్లు. సన్నం తిని పెరిగిన నాలుక ఆ మంటకి అలవాటు పడి ఉంటుంది, నలభై రెట్ల మంటకి కాదు.

మంటంటే నిజంగా కాలడం కాదు. 43 డిగ్రీల వేడి తగిలితే మెదడుకి కబురు పంపే గ్రాహకాలు మన నరాల్లో ఉన్నాయి. మిరపకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ అనే పదార్థం వాటినే తట్టి లేపుతుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకాలు నాలుకతో ఆగిపోవు, పేగుల పొడుగునా ఉంటాయి. అందుకే నోరు చల్లారిన తర్వాత మావాడికి కడుపులో మెలిపెట్టింది.

నా ఉద్దేశంలో అసలు తేడా అంకెల కంటే తినే పద్ధతిలో ఉంది. తేజ కారం మన ఇంట్లో ఎలా తింటాం? నలుగురి పప్పులో చెంచాడు. పచ్చడైతే వేడన్నంలో, నెయ్యి పోసుకుని, పక్కన ముద్దపప్పు, చివర్లో మజ్జిగ. ఘాటు పలచబడి, నూనెలో కరిగి, అన్నంతో కలిసి మెల్లగా కడుపులోకి దిగుతుంది. భూత్ జొలోకియా పండించే అస్సాం, నాగాలాండ్ వాళ్ళు కూడా చిన్న ముక్కే కూరలోనో ఊరగాయలోనో వేసుకుంటారు. ఛాలెంజ్‌లో ఇవేవీ లేవు. ఖాళీ కడుపు, నేరుగా ఘాటు పొడి, పైగా నీళ్ళు తాగకూడదని షరతు.

ఇది వట్టి భయపెట్టడం కాదు. 2018లో డాక్టర్లు రాసిన ఒక కేసులో, పోటీలో రీపర్ తిన్న 34 ఏళ్ళ మనిషికి పిడుగు పడ్డట్టు తలనొప్పి వచ్చింది. చూస్తే మెదడు రక్తనాళాలు కుంచించుకుపోయి ఉన్నాయి. ఆయన కోలుకున్నాడు. ఇంకొకాయన భూత్ జొలోకియా ముద్ద తిని, ఆగకుండా వాంతులు చేసుకోవడంతో అన్నవాహిక చిరిగి ఆపరేషన్ దాకా వెళ్ళింది. 2023లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఇలాంటి చిప్ తిన్న 14 ఏళ్ళ పిల్లాడు చనిపోయాడు. ఎక్కువ మోతాదులో క్యాప్సైసిన్ తిన్నాక గుండె ఆగిందనీ, ఆ గుండె మామూలు కంటే పెద్దదిగా ఉందనీ పోస్టుమార్టంలో తేలింది. మన పిల్లల గుండె ఎలా ఉందో స్కాన్ తీయించి చూసుకున్నవాళ్ళం ఎంతమందిమి? ఆ వార్త చదివినప్పటి నుంచి నాకు ఈ ప్యాకెట్లంటే కోపమే.

అలాగని కారాన్నంతా తిట్టడం కూడా తప్పే. అల్సర్లకి కారమే కారణమని మనవాళ్ళు అంటారు గానీ, ఎక్కువ అల్సర్లు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్లా, నొప్పి మాత్రల వల్లా వస్తాయి. ఉన్న పుండుని, గుండెమంటని కారం రేపుతుంది, అది వేరే విషయం.

కాబట్టి రోజూ వంటకి సన్నం, ఘాటు ఇష్టమైతే తేజ కాస్త తక్కువగా. భూత్ జొలోకియా రుచి చూడాలనుంటే ఊరగాయలో గోరంత, అన్నంతో. రీపర్ పొడి పూసిన ఛాలెంజ్ సరుకు పిల్లలకీ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళకీ అసలొద్దు. మిగతావాళ్ళకి కూడా దానివల్ల ఒరిగేది నాకేమీ కనిపించలేదు.

మంట ఎక్కాక ఏది మేలు? మా అక్క కంగారులో చెంబెడు చల్లనీళ్ళు ఇచ్చింది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నీళ్ళు దాన్ని నోరంతా పూస్తాయి. కూల్‌డ్రింకూ అంతే. చల్లటి పాలు, పెరుగు మేలు, పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది. మజ్జిగైతే చిక్కగా ఉండాలి. చెంచాడు పంచదార చప్పరించినా కొంత నయం. వేలు పెట్టి వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు మళ్ళీ మండుతుంది. గుండెల్లో నొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని వాంతులు, వాంతిలో రక్తం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా మజ్జిగ దగ్గర ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

మావాడు మర్నాడంతా పెరుగన్నమే తిన్నాడు. వారం దాకా కారం జోలికి పోలేదు. మొన్న ఆదివారం మాత్రం పండుమిరప పచ్చడి అడిగి వేయించుకున్నాడు, నెయ్యి మాత్రం రెండు చెంచాలు.