1808 నాటి పది కాసులు: సముద్రంలోది, పెట్టెలోది, తోమినది – ఏది మేలు?

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి మూడు రాగి నాణేలు పక్కపక్కన పెట్టాను. మూడూ ఒకే రకం. ఒక వైపు వెనక కాళ్ల మీద లేచి ముందు కాళ్లతో కిరీటం పట్టుకున్న సింహం, చుట్టూ ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, కింద 1808. రెండో వైపు పారశీ రాత, దాని కింద రోమన్ అంకెలో పది, పక్కన క్యాష్ అన్న మాట. మద్రాసు ప్రెసిడెన్సీలో చలామణి కోసం చేయించిన పది కాసుల నాణెం ఇది. మన కాసే ఇంగ్లీషు వాళ్ల నోట్లో క్యాష్ అయింది.

మొదటిది మునిగిన ఓడలోంచి తీసినది. అది ఏ ఓడదో చెప్పే ధ్రువీకరణ కాగితంతో సహా కొన్నాను. రెండోది అమ్మమ్మ ట్రంకు పెట్టెలో, పసుపు మరకలున్న గుడ్డ మూటలో దొరికింది. మూడోదీ ఆ మూటలోదే. కాకపోతే అది ముందు మా పిన్ని చేతికి వెళ్లింది. "ఇంత నల్లగా ఉంటే ఎవరు తీసుకుంటార్రా" అని ప్రేమగా చింతపండు, ఉప్పు వేసి తోమి, తళతళలాడించి ఇచ్చింది.

ఇంటికి వచ్చినవాళ్లకి ఈ మూడూ చూపించి ఏది విలువైనదో చెప్పమంటే దాదాపు అందరూ పిన్ని తోమినదే చూపిస్తారు. కొంచెం చదువుకున్నవాళ్లు ఓడలోది అంటారు. నేను మాత్రం అమ్మమ్మ మూటలో నల్లగా మిగిలినదాన్నే ఎంచుకుంటాను. మమకారం పక్కన పెట్టినా నా మాట అదే. ఎందుకో చెప్పాలంటే మూడింటినీ భూతద్దం కింద పెట్టాలి.

ముందు ఓడ సంగతి

ఈ నాణేలు మన దేశంలో అచ్చయినవి కావు. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ 1788లో పెట్టిన టంకశాలలో, ఆవిరి యంత్రంతో నడిచే అచ్చు మిషన్ల మీద తయారయ్యాయి. అందుకే ఇంత గుండ్రంగా, అన్నీ ఒకే కొలతతో ఉంటాయి. అదే కాలంలో హైదరాబాద్ సంస్థానంలో సుత్తితో కొట్టిన ఫలూసులు అనే రాగి నాణేలు చూడండి. ముద్ర పెద్దది, రాగి ముక్క చిన్నది. అక్షరాల్లో సగమే దాని మీద పడుతుంది. అలాంటి నాణేన్ని చూసేటప్పుడు ఎంత రాత పడింది, ముద్ర మధ్యలో కూర్చుందా అన్నదే మొదటి ప్రశ్న. సోహో నాణెంలో ఆ గొడవ లేదు. ముద్ర మొత్తం పడే ఉంటుంది, తర్వాత ఏం పోయిందన్నదే చూసుకోవాలి. చేతి అచ్చు నాణేన్నీ మిషన్ నాణేన్నీ ఒకే కొలబద్దతో కొలిచేవాళ్లు రెండింటికీ అన్యాయం చేస్తారు.

అలా అచ్చయిన పది కాసుల పీపాలతో మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో తుఫానుకు చిక్కి, ఇంగ్లాండులో కెంట్ తీరం దగ్గరి గుడ్విన్ ఇసుక దిబ్బల్లో మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు ఆ నాణేలను టన్నుల కొద్దీ పైకి తీశారు. పీపాల చెక్క పోయినా నాణేలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలుగా ఉన్నాయి. ముద్ద లోపలి నాణేలకు ఉప్పునీరు అంతగా తగల్లేదు, అంచున ఉన్నవాటిని మాత్రం తినేసింది. ఇంకో సంగతి, అవి బజారు మొహం చూడలేదు. ఒక్క చేయీ మారలేదు.

క్షేమంగా మద్రాసు చేరిన ఓడలూ ఉన్నాయి. వాటిలోని నాణేలే మన జిల్లాల సంతల్లో తిరిగాయి. అప్పటి మద్రాసు లెక్కలో ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక వరహా. అంటే పది కాసుల నాణేలు ఎనిమిదైతే ఒక ఫణం. పేదవాడి రోజువారీ చిల్లర ఇది. ఉప్పు, మిరపకాయలు, నూనె కొనడానికి చేతులు మారుతూ అరిగింది.

అరుగుదల ఎక్కడ చూడాలి

ఈ నాణెం మీద అన్నింటికంటే ఎత్తుగా ఉండేది సింహం. ముందు అరిగేది దాని తల, జూలు, తర్వాత కిరీటం, తర్వాత ముందు కాళ్లు. అక్షరాలు అంచు పక్కన ఉండటం వల్ల కొంత రక్షణలో ఉంటాయి. అందుకే తేదీ స్పష్టంగా ఉంది కాబట్టి నాణెం బాగుందనుకోవద్దు. తేదీ చక్కగా ఉండి సింహం మొహం చదునైపోయిన నాణేలు ఎన్నో చూశాను.

ఓడ నాణెంలో జూలు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. కిరీటం మీది చిన్న చిన్న ముత్యాలు కూడా తెలుస్తాయి. అరుగుదల లెక్కలో ఇది అన్‌సర్క్యులేటెడ్, అంటే చలామణిలోకే వెళ్లనిది. అమ్మమ్మ నాణెంలో జూలు ఒక ముద్దగా మారింది, కన్ను పోయింది, కిరీటం ఆకారం మాత్రం మిగిలింది. పారశీ అక్షరాలు అన్నీ చదవొచ్చు. నాణేల మెట్లలో ఫైన్ అంటే బాగా అరిగినా వివరాలు తెలిసేది, వెరీ ఫైన్ అంటే అంతకన్నా తక్కువ అరిగినది. దీనికి ఫైన్ దాటి వెరీ ఫైన్ మెట్టు ఇస్తాను, అంతకు మించి ఇవ్వను. పిన్ని తోమినదీ తోమకముందు ఇంచుమించు ఇలాగే ఉండేది.

అంటే అరుగుదల ఒక్కటే చూస్తే ఓడ నాణెం చాలా ముందుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెండి నాణెమైతే ఇక్కడ ఆగినా పెద్ద నష్టం ఉండదేమో. రాగి అలా కాదు.

పైపొర

రాగి గాలి తగిలితే ఊరుకోదు. కొత్తలో ఎర్రగా మెరుస్తుంది, కొన్నేళ్లకు గోధుమరంగు, ఇంకా పోతే చాక్లెట్ రంగు, కాఫీ గింజ రంగు. ఆ పొర మురికి కాదు. రాగి తన ఒంటి మీద తనే కప్పుకున్న ఆక్సైడ్ పొర. ఏడాదికి ఏడాది గట్టిపడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. అందుకే నాణేల సేకరణలో రాగికి ఎరుపు, ఎరుపు గోధుమ, గోధుమ అని రంగును విడిగా రాస్తారు. నాణెం స్థితికి ఒకటి నుంచి డెబ్బై దాకా అంకె ఇవ్వడానికి ఇప్పుడు చాలామంది వాడే కొలబద్ద కూడా, విలియం షెల్డన్ 1949లో అమెరికా పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేసినదే.

చింతపండులోని పులుపు మొదట తీసేది ఆ పొరనే. బిందె తోమినప్పుడు మనకు కావలసింది అదే, తప్పు లేదు. నాణెం విషయంలో మాత్రం రెండు వందల ఏళ్లు కట్టిన చర్మాన్ని ఐదు నిమిషాల్లో ఒలిచేసినట్టు. మూడో నాణేన్ని దీపం వెలుతురులో వాలుగా తిప్పండి. ఒకే దిక్కుగా పరుగెత్తే సన్నని గీతలు కనిపిస్తాయి, అవి పీచు గీతలు. అక్షరాల సందుల్లో తెల్లటి పొడి ఎండిపోయి ఉంది. రంగు గులాబీలోకి దిగింది. కొత్త రాగిలో ఉండే ఎరుపు, తోమిన రాగిలో ఉండే గులాబీ ఒకటి కావు. పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూస్తే కన్ను ఇక మరిచిపోదు. కొత్త నాణెంలో మెరుపు నాణెం తిప్పుతుంటే చక్రంలా తిరుగుతుంది. తోమినదానిలో మెరుపు ఉన్నచోటే నిలబడి ఉంటుంది.

సహజంగా అరిగిన నాణెంలో ఎత్తులు లేత రంగులో, పల్లాలు ముదురు రంగులో ఉంటాయి. వేళ్లు తగిలేది ఎత్తులకే కదా. తోమినదానిలో ఎత్తూ పల్లం ఒకే రంగు. కొందరు తోమాక తప్పు తెలిసి గంధకంతో మళ్లీ నల్లరంగు పట్టిస్తారు. అప్పుడు రంగు అన్నిచోట్లా సమంగా, జీవం లేకుండా, మసి పూసినట్టు ఉంటుంది. అలాంటిది తెలియక నేనూ ఒకటి కొన్నాను. వేలితో రుద్దితే రంగు వేలికి అంటింది.

ఇక ఓడ నాణెం పైపొర. వాలు వెలుతురులో బొమ్మా అక్షరాలూ లేని దాని చదును భాగం పంచదార పలుకుల్లా గరుకుగా కనిపిస్తుంది. ఉప్పునీరు తిన్న గుర్తు అది. ముద్ద విడదీయడానికి ద్రావకాలు వాడక తప్పదు కాబట్టి దాని రంగు కూడా దాని సొంతం కాదు. తూచితే ఇంకా తెలుస్తుంది. పది కాసుల నాణెం ఇంచుమించు 4.6 గ్రాములు తూగాలి. అరుగుదల లేకుండానే బరువు తగ్గితే ఆ రాగి సముద్రంలో కరిగిందన్నమాట. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు ఇప్పుడు ఖరీదైన వస్తువేమీ కాదు, నాణేలు కొనేవాళ్లు ఒకటి పెట్టుకోవాలి. ముద్ద లోపలి నుంచి వచ్చిన, చదును నున్నగా ఉన్న ఓడ నాణేలూ ఉన్నాయి. అలాంటిది దొరికితే దాని లెక్క వేరు.

చిలుము భయం

ఓడ నాణేన్ని నేను వెనక్కి నెట్టడానికి అసలు కారణం ఇది. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ రాగి లోపల దాక్కుంటుంది. పైకి అంతా బాగానే ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే లేతాకుపచ్చ పొడి చుక్కలుగా పైకి లేస్తుంది. గోటితో గీకితే రాలిపోతుంది, కింద గుంట మిగులుతుంది. దాన్ని వదిలేస్తే లోహాన్ని తింటూనే పోతుంది. పాత నాణేల మీద గట్టిగా, నున్నగా పట్టిన ముదురాకుపచ్చ పొర అంత ప్రమాదం కాదు. పొడిగా రాలే లేతాకుపచ్చ చిలుముకే భయపడాలి.

ఇంగ్లాండులో పొడి అల్మరాలో ఉన్న నాణెం ఒక రకం. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఆగస్టు నెల గాలి పీల్చే నాణెం ఇంకో రకం. మా ఊళ్లో వానాకాలం తలుపులే ఉబ్బిపోతాయి. నా ఓడ నాణెం మీద రెండో వానాకాలానికే సూదిమొనంత చుక్క ఒకటి లేచింది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ వారాల తరబడి ఉంచి, అసిటోన్ అనే ద్రావకంలో ముంచి ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ సంచీతో గాలి చొరని డబ్బాలో పెట్టాను. అప్పటి నుంచి మళ్లీ లేవలేదు. కానీ ప్రతి వానాకాలం చూసుకోవాల్సిందే.

అమ్మమ్మ నాణేనికి ఈ సేవలేవీ అక్కర్లేదు. అంచు పట్టుకుని తీసి, అంచు పట్టుకుని కాగితం కవర్లో పెడితే చాలు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి. పీవీసీ కరిగి నాణెం మీద ఆకుపచ్చ జిగురు కట్టి, మంచి నాణేలు పాడవుతున్నాయి.

ధర మాట

అన్నీ ఒకేచోట అమ్మకానికి పెడితే, కాగితం ఉండి చదును నున్నగా ఉన్న ఓడ నాణెం ముందు నిలుస్తుంది. తర్వాత చర్మం చెడని అమ్మమ్మ నాణెం. గరుకెక్కిన నా ఓడ నాణేనికి ఓడ కథ ఉంది కాబట్టి కొనేవాళ్లు ఉంటారు, కానీ టన్నుల కొద్దీ బయటికి వచ్చినదాన్ని అరుదు అని చెప్పి అమ్మడం అబద్ధం. ఓడ పేరుకు ధర కట్టేటప్పుడు కాగితం లేకపోతే ఆ పేరుకు పైసా ఇవ్వకండి. పిన్ని తోమినది చివర. దాన్ని ధ్రువీకరణ సంస్థకు పంపితే అంకె ఇవ్వరు, శుభ్రం చేసినది అని రాసి వెనక్కి పంపుతారు. అరుగుదలలో సమానమైన రెండు నాణేల్లో తోమిన దానికి సగం ధర కూడా నేను ఇవ్వను.

ఈ మూడింట్లో ఏదీ లక్షల వస్తువు కాదు. 1808 పది కాసులు సామాన్యమైన నాణెం. లక్షలు పలుకుతాయని ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఎక్కువగా కనిపించేవి ఇంకో రకం. ఒక వైపు సీతారామలక్ష్మణులో హనుమంతుడో, రెండో వైపు ఈస్ట్ ఇండియా కంపెనీ, అర్ధణా, 1818 అన్న రాత. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ వేయలేదు. అవి ఈ మధ్య తయారు చేసిన బిళ్లలు. వాటిని నమ్మి, ముందుగా కమీషన్ కట్టమంటే కట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తన పేరుతో ఇలా పాత నాణేల వ్యాపారం చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. మీ ఇంట్లో రాముడి బిళ్ల ఉంటే దేవుడి గదిలో పెట్టుకోండి, అమ్మకానికి పెట్టకండి.

మరి ఎవరికి ఏది?

మిషన్ అచ్చు ఎంత నాజూకుగా పడేదో పిల్లలకు చూపించాలంటే ఓడ నాణేన్ని మించింది లేదు. సింహం జూలు చూపిస్తుంటే మా మేనల్లుడు భూతద్దం వదల్లేదు. పొడిగా ఉంచే ఓపిక మీకుంటే కొనండి, చదును నున్నగా ఉందా లేదా చూసుకుని కొనండి.

ఇంట్లో దొరికిన నాణెం అరిగి తేదీ కూడా కనిపించకపోతే, కొనుక్కునేవాడికి మంచి ఓడ నాణెమే మేలు. మొలతాడుకు కట్టడానికి చిల్లు పొడిచిన నాణేలదీ అదే దారి, ధర ఉండదు. వాటిని అమ్మే ఆలోచన మానుకుని ఇంట్లో ఉంచుకోవడమే నయం.

తేదీ, కిరీటం, పారశీ రాత నిలిచి, రంగు చెడని నాణెం మీ పెట్టెలోనే ఉంటే దానికి నీళ్లు కూడా తగలనివ్వకండి. నేను అమ్మమ్మ మూటలోది గుడ్డతో సహా ఉంచాను. పసుపు మరక గుడ్డ మీద ఉంది కానీ నాణెం మీద లేదు. పిన్ని నాణెం మాత్రం గాలి తగిలే చోట, కిటికీ పక్క అరలో పెట్టాను. ఏడాది దాటింది. గులాబీ రంగు తగ్గి, సింహం కాళ్ల సందుల్లో సన్నగా గోధుమరంగు మొదలైంది.