మా ఆఫీసులో నెట్‌వర్క్ కేబులింగ్ పని: ఐదుకు నాలుగు

మా ఆఫీసు రెండు అంతస్తుల్లోనూ పాత నెట్‌వర్క్ తీగలు తీసి కొత్తవి వేసిన సంస్థ పనితనం గురించి ఈ సమీక్ష. నెట్‌వర్క్ బాధ్యత నాదే కాబట్టి మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండి చూశాను.

అన్నిటికన్నా ముందు లేబుళ్ల గురించి చెప్పాలి. ర్యాక్‌ను, అంటే నెట్‌వర్క్ పరికరాలు బిగించే చట్రాన్ని, ఫొటోకు అందంగా సర్దేవాళ్లు చాలామందే ఉంటారు. కొన్ని నెలలయ్యాక ఎవరి కంప్యూటరుకో నెట్‌వర్క్ అందకపోతే ఆ తీగ ఏ పోర్టులో ఉందో వెంటనే తెలియాలి, అసలు పనితనం అప్పుడు బయటపడుతుంది. వీళ్లు ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ ఒకే గుర్తు వేశారు. గోడ సాకెట్ మీదా, ర్యాక్‌లో తీగలన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ మీదా అదే గుర్తు. అంతస్తు, ర్యాక్, ప్యానెల్, పోర్టు అనే వరుస ఎక్కడా తప్పలేదు. ఆ గుర్తులన్నిటినీ పట్టికగా రాసి ఇచ్చారు. ఇప్పుడు మా జట్టులో కొత్తగా చేరిన కుర్రవాడు కూడా నన్ను పిలవకుండానే పోర్టు కనుక్కుంటున్నాడు.

ర్యాక్‌లో కట్లన్నీ వెల్క్రో పట్టీలతోనే కట్టారు. నైలాన్ టై బిగించి లాగితే తీగ నొక్కుకుపోయి లోపల జంటలుగా మెలివేసి ఉండే సన్న తీగల మెలిక చెదురుతుంది. పైకి ఏమీ కనిపించదు, టెస్టరు పెడితేనే తెలుస్తుంది. ఒక్క తీగ మార్చాలన్నా టై కోయాలి, కోసేటప్పుడు పక్క తీగకు గాటు పడవచ్చు. వంపుల దగ్గరా తొందరపడలేదు. వంపు వ్యాసార్ధం తీగ మందానికి నాలుగు రెట్లకు తగ్గకుండా చూసుకున్నారు. సాకెట్లలో బిగించేటప్పుడు జంటల మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పలేదు.

మేము అన్నిచోట్లా క్యాట్ 6 రకం తీగ అడిగాం. వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లకు మాత్రం అంతకన్నా మెరుగైన క్యాట్ 6ఏ వేయించుకోమని వాళ్లే సూచించారు. 10 గిగాబిట్ వేగాన్ని క్యాట్ 6 మహా అయితే 55 మీటర్లు మోస్తుంది, 6ఏ అయితే 100 మీటర్లు. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. సాకెట్ నుంచి ప్యానెల్ దాకా శాశ్వతంగా ఉండే తీగ 90 మీటర్లు దాటకూడదు. ఒక మూల సీట్లకు దాటేలా ఉందని పని మొదలుపెట్టక ముందే కొలిచి చెప్పి, ఆ వైపు చిన్న ర్యాక్ ఒకటి పెట్టించారు. చాలామంది ఈ సంగతి ఎత్తకుండా తీగ లాగేసి వెళ్లిపోతారు.

ఐదో నక్షత్రం ఫాల్స్ సీలింగ్ దగ్గర పోయింది. వాడుకలో లేని పాత తీగలు తీసేయాలని ఒప్పందంలో రాసి ఉన్నా సగం తీగలను సీలింగ్ మీదే వదిలేశారు. అడిగితే "పైన ఉన్నవి ఎవరికి కనిపిస్తాయండీ" అన్నారు. ఆ మాట నాకు నిజంగా కోపం తెప్పించింది. పనికిరాని తీగలు ట్రేలో చోటు ఆక్రమిస్తాయి, అగ్నిప్రమాదం జరిగితే మంటకు మేత అవుతాయి. చివరి వాయిదా సొమ్ము ఆపిన తర్వాతే వచ్చి తీశారు.

ఇలాంటి పని ఎవరికి అప్పగిస్తున్నా ప్రతి లింకుకూ విడిగా టెస్టు రిపోర్టు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి. నెట్‌వర్క్ స్విచ్‌లో దీపం వెలిగితే సరిపోదు, క్రాస్‌టాక్ (ఒక జంట సిగ్నల్ పక్క జంటలోకి చొరబడడం), రిటర్న్ లాస్ (సిగ్నల్ కొంత వెనక్కి తిరిగి రావడం), పొడవు అన్నీ ఆ రిపోర్టులో ఉండాలి. వీళ్లు అడగకుండానే ఇచ్చారు. తీగ పూర్తి రాగిదేనని కూడా రాతపూర్వకంగా తీసుకోండి. రాగి పూత వేసిన అల్యూమినియం తీగలు క్యాట్ ప్రమాణాలకు సరిపోవు, వాటి ద్వారా కెమెరాలకు విద్యుత్తు పంపితే ఎక్కువగా వేడెక్కుతాయి.