11 కిలోమీటర్ల హాప్: 7 గిగాహెర్ట్జా, 15 గిగాహెర్ట్జా?

చెన్నైకి కొత్తగా వచ్చిన మన నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లు ఏటా అక్టోబరు రాగానే అడిగేది ఇదే: "అన్నా, కేళంబాక్కం వైపు పెద్ద హాప్ ఉంది, 15 వేయనా, 7 వేయనా?" హాప్ అంటే రెండు టవర్ల మధ్య తీగ లేకుండా మైక్రోవేవ్ తరంగాలతో వేసే లింకు; 7, 15 అన్నవి ఆ తరంగాల ఫ్రీక్వెన్సీ, గిగాహెర్ట్జ్‌లలో. కేళంబాక్కం చెన్నైకి దక్షిణాన ఉంటుంది. పోయిన ఈశాన్య రుతుపవనాల్లో నేను చూసే 11 కిలోమీటర్ల 15 గిగాహెర్ట్జ్ లింకు మూడుసార్లు పడిపోయింది, ఈ ఏడు దాన్ని 7కి మార్చాం. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది.

ముందు ఒక విషయం. ఎన్ని సెంటీమీటర్లు పడింది అన్నది వార్తలకు కావాలి, లింకుకు కాదు. రోజంతా ముసురు పట్టినా మా సిగ్నల్ గ్రాఫ్ పెద్దగా కదల్లేదు. అదే సాయంత్రం పావుగంట కుండపోతకి, మామూలుగా మైనస్ 42 డీబీఎం దగ్గర ఉండే సిగ్నల్ లెవెల్ మైనస్ 70కి దిగింది, 256 క్వామ్‌లో (డేటా వేగంగా పంపే పద్ధతి) నడిచేది క్యూపీఎస్‌కేకి (నెమ్మదైనా బలహీన సిగ్నల్‌ని తట్టుకునే పద్ధతి) వచ్చేసింది, ఇంకో రెండు నిమిషాలకి లింకే పోయింది. వాన తగ్గగానే ఎవరూ ముట్టుకోకుండానే తిరిగొచ్చింది. లింకును పడగొట్టేది గంటకు ఎన్ని మిల్లీమీటర్ల జోరుతో కురుస్తోంది అన్నదే.

గంటకు 100 మిల్లీమీటర్ల జోరు మన తీరానికి కొత్త కాదు. ఆ వానలో 15 గిగాహెర్ట్జ్ కిలోమీటరుకు 6 నుంచి 8 డీబీ (ప్రతి 10 డీబీకి సిగ్నల్ బలం పదో వంతుకి పడిపోతుంది) పోగొట్టుకుంటుంది, 7 అయితే ఒకటిన్నర డీబీ అటూ ఇటూ. 15 తరంగం పొడవు 2 సెంటీమీటర్లే, 7ది నాలుగు పైన. 5 మిల్లీమీటర్ల పెద్ద చినుకులు పొట్టి తరంగాన్నే ఎక్కువ మింగుతాయి, ఎక్కువ చెదరగొడతాయి. కుండపోత 11 కిలోమీటర్ల పొడవునా ఒకేసారి పడదు, నాలుగైదు కిలోమీటర్లు పడిందనుకున్నా 15కి 30 డీబీ దాకా పోతుంది, 7కి ఆరేడు.

"పవర్ పెంచితే సరిపోదా అన్నా?" అని కూడా అడుగుతారు. పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డీబీ. ఆ జోరు వానలో 15కి అది అరకిలోమీటరుకి మించి కాయదు! రెండు వైపులా 0.6 మీటర్ల డిష్ తీసి 1.2 మీటర్లది పెడితే 12 డీబీ వస్తుంది, అది పనికొచ్చే మాటే, కానీ తుపాను గాలికి టవర్ మీద అంత పెద్ద డిష్ అంటే టెన్షన్.

ఆ మాటకొస్తే 7కి కూడా పెద్ద డిష్షే కావాలి. పైగా క్యారియర్లు (వాడుకోవడానికి కేటాయించే ఫ్రీక్వెన్సీ ముక్కలు) తక్కువ, అడగ్గానే దొరకవు. ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్ మీదుగా వెళ్తే నీటి మీద పడి వచ్చే ప్రతిబింబం వేధిస్తుంది, ఉక్కపోత రాత్రుళ్లలో వాన లేకుండానే సిగ్నల్ ఫేడ్ అవుతుంది, అంటే బలం పడిపోతుంది. అయినా ఆ ఫేడ్‌ని స్పేస్ డైవర్సిటీతో, అంటే ఒకే టవర్ మీద ఒకదాని పైన ఒకటి రెండు డిష్‌లు పెట్టి, కొంత సర్దుకోవచ్చు. వానకి ఆ మందు పనిచేయదు, ఎందుకంటే ఆ రెండు డిష్‌లూ ఒకే వానలో తడుస్తాయి.

15 చెడ్డదని కాదు. ఐదు కిలోమీటర్ల లోపు హాప్‌కి నేనూ అదే వేస్తాను, కాకపోతే వర్టికల్ పోలరైజేషన్‌లో, అంటే తరంగం నిలువుగా ఊగేలా. పెద్ద చినుకు పడేటప్పుడు గుండ్రంగా ఉండదు, కింది భాగం చదునై బన్నులా అవుతుంది, అందుకే అడ్డంగా ఊగే తరంగం ఎక్కువ నష్టపోతుంది. కిలోమీటరుకు 6 డీబీనా, 8 డీబీనా అన్నది ఇక్కడే తేలుతుంది.

18, 23 ఊళ్లో చిన్న హాప్‌లకి. 80 గిగాహెర్ట్జ్ అంటే ఇదే వానలో కిలోమీటరుకు 30 డీబీ, పక్క వీధి దాటించడానికి పెట్టుకోండి. ఫైబర్ అందుబాటులో ఉంటే వాన గొడవే లేదు, రోడ్డు తవ్వేవాళ్లతోనే గొడవ.

ఇంకో మాట. వాన ఆగి అరగంటయినా లెవెల్ తిరిగి రాకపోతే అది ఫేడ్ కాదు. కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి, లేదంటే గాలికి డిష్ తిరిగి ఉంటుంది. ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన పక్కన పెట్టి, టవర్ ఆరాక మనిషిని ఎక్కించండి.