దుప్పుల మేతకు గడ్డినేల: దున్ని విత్తాలా, కలుపు తీసి వదిలేయాలా?

కవ్వాల్, అమ్రాబాద్ లాంటి పులుల అడవుల్లో చుక్కల దుప్పులకు మేత పెంచాలనగానే ట్రాక్టరు పిలుస్తుంటారు. చాలాచోట్ల దాని అవసరమే లేదు. గులకరాళ్ల ఎర్రనేల వాలు మీదైతే అది చేటు కూడా: పైనున్న నాలుగు వేళ్ల మంచి మట్టి ఒక్క పెద్ద వానకు వాగులో కలుస్తుంది.

ముందు నేలలో ఏముందో చూడండి. గడ్డి పూతకొచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లో మీటరు చదరం కర్రచట్రాన్ని ఇరవై చోట్ల వేసి చూడాలి. పది, పన్నెండు చోట్ల గరికో, ఇంకేదైనా అడవి గడ్డి దుబ్బో కనిపిస్తే నాగలి పెట్టొద్దు. అడవిని కమ్మేసే కలుపు పొద లాంటానా నీడకు అవి సన్నబడ్డాయంతే, వెలుతురు తగిలితే లేస్తాయి.

ఆ లాంటానాను తీయడంలోనే పని చెడుతుంది. నేలమట్టానికి నరికితే మొదట్లోంచి గుంపుగా పిలకలొస్తాయి, ఎందుకంటే చిగురు వేసేది కాండమూ వేరూ కలిసే చోటే. పొద పక్కన కూర్చుని మట్టి తప్పించి, ఆ చోటుకు 3–5 సెంటీమీటర్ల కింద తల్లివేరును తెంచాలి. తర్వాత వేరు ఆకాశంవైపు ఉండేలా పొదను తలకిందులు చేస్తే అలాగే ఎండిపోతుంది. తొలకరిలోపు, కాయ పండకముందే ఇది ముగియాలి. పెద్ద చెట్ల కింద మాత్రం రెండుమూడేళ్లు మొలకలు ఏరక తప్పదు, పండు తిన్న పిట్టలు గింజలు రాల్చేది అక్కడే.

దున్నడం మేలయ్యేది ఊళ్లు తరలిపోయాక మిగిలిన పాత పొలాల్లో. ఏళ్లతరబడి పత్తి పండిన నేలలో గడ్డివేరు ఉండదు. వదిలేస్తే వయ్యారిభామ, తగిరిస కమ్మేస్తాయి. అక్కడ వేసవిలో ఒక్కసారి, లోతు లేకుండా, వాలుకు అడ్డంగా దున్నండి. తొలివానకు మొలిచిన కలుపును గుంటకతో చంపి, తర్వాతి వాన పదునులో విత్తండి. తొందరపడి మొదటి వానకే విత్తితే గడ్డికంటే ముందు కలుపు లేస్తుంది.

విత్తేది అంజన్ అనే మేత గడ్డి అయితే గింజ ఎకరానికి 2–2.5 కిలోలు చాలు. గింజకు నూగు ఉండి గాలికి పోతుంది, తడి ఇసుకలో కలిపి చల్లాలి. కొత్తగా కోసిన గింజ సరిగా మొలవదు, కనీసం ఆరునెలలు నిల్వ ఉన్నది తీసుకోండి. సెంటీమీటరు మించి లోతున పడితే మొలక పైకి రాదు కాబట్టి చల్లాక ముళ్లకంప లాగితే సరిపోతుంది. స్టైలో అనే మేత మొక్క పశువుల బీళ్లకు మంచిదే గానీ మన అడవిది కాదు, అభయారణ్యంలో వద్దు.

రెండు పద్ధతుల్లో విత్తిన చోటుకే కంచె తప్పనిసరి. లేత దుబ్బును దుప్పులు వేరుతో సహా లాగేస్తాయి. మొదటి వానాకాలమంతా కంచె ఉంచి, గింజ పండి రాలాకే తీయండి.