తొమ్మిదంగుళాల తెర వచ్చింది, సౌండు తిప్పే నాబ్ పోయింది

కారు డ్యాష్‌బోర్డులో తెర పెట్టించుకోవాలా అని నన్ను అడిగేవాళ్లకు నేను ఎదురు వేసే ప్రశ్న ఒక్కటే: దానికి సౌండు తిప్పే నాబ్ ఉందా? ర్యామ్ ఎంత, తెర ఎంత స్పష్టం, ఏ యాప్‌లు నడుస్తాయి అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి. నాబ్ లేదన్న సంగతి మాత్రం ఎవరూ రాయరు.

మాది పాత వ్యాగన్ ఆర్. కంపెనీ స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ తెరను ఇంట్లో నేనే బిగించాను. షాపులో చేయిస్తే ఒక పూట పని. కానీ అసలు తీగలను కత్తిరించి టేపు చుట్టేయడం నాకు నచ్చదు. కన్వర్టర్ సాకెట్టు కొనుక్కుంటే ఒక్క తీగ కూడా కోయనక్కర్లేదు; రేపు పాత స్టీరియో మళ్లీ పెట్టాలన్నా పెట్టుకోవచ్చు. ఫ్రేము మా కారు పేరుతోనే అమ్మారు గానీ సరిగ్గా కూర్చోలేదు. వెనక డ్యాష్‌బోర్డు లోపలి ప్లాస్టిక్ పట్టీలను హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచులను ఆకురాయితో అరగదీయాల్సి వచ్చింది. పసుపు తీగకు బ్యాటరీ, ఎరుపుకు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపుకు ఎర్త్, అంతే. హ్యాండ్ బ్రేకు వేసి ఉందో లేదో తెరకు చెప్పే తీగ ఇంకొకటి ఉంటుంది; బ్రేకు వేసి ఉంటేనే తెర సినిమా చూపిస్తుంది. ఆ తీగను చాలామంది నేరుగా ఎర్త్‌కు కలిపేస్తారు, బండి నడుస్తుండగా సినిమా చూడడానికి. నేను దాన్ని బ్రేకు స్విచ్చికే కలిపాను. మా అబ్బాయి ఇప్పటికీ ఆ కోపంలోనే ఉన్నాడు.

కొత్తలో తెరను తెగ మెచ్చుకున్నాను, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. మ్యాపు పెద్దగా కనిపిస్తుందని, విజయనగరంలో గంటస్తంభం పక్క సందుల్లో వెనక్కి రావడానికి కెమెరా ఉందని. మాది 2019 జూలైకి ముందు కారు కాబట్టి వెనక సెన్సర్లు కూడా లేవు. ఆ తేదీ తర్వాత వచ్చిన వాటికే అవి తప్పనిసరి చేశారు. కెమెరా విషయంలో ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. మ్యాపు సంగతి కొంచెం తగ్గించి చెప్పాలి. మిట్టమధ్యాహ్నం పక్క అద్దంలోంచి ఎండ పడితే తెర మీద దారికన్నా నా చొక్కా బాగా కనిపిస్తుంది. మే నెలలో బండిని ఎండలో వదిలి వస్తే, చల్లబడేదాకా తెర తనంతట తాను ఆరిపోయి వెలుగుతూ ఉంటుంది. రోజూ నీడలో పెట్టుకునేవాళ్లకు ఈ బాధ ఉండకపోవచ్చు.

ఇక అసలు కక్ష. ఉద్యోగం కోసం రోజూ చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్తాను. ఎక్కువగా ఒక్కడినే. పాత స్టీరియోకు నాబ్ ఉండేది. చూపు రోడ్డు మీద ఉండగానే చెయ్యి దాన్ని వెతుక్కునేది. ఈ తెరలో ముందు మూలనున్న చిన్న గుర్తును నొక్కాలి, గీత ఒకటి వస్తుంది, అది మాయమయ్యేలోపు వేలితో జరపాలి. గరివిడి దగ్గర ముందు లారీ, కింద గుంత. వేలు పక్కకు జారి ఇంకేదో తెరుచుకుంటుంది. సౌండు అలాగే మోగుతూ ఉంటుంది, ఇప్పుడు దాని మీద వాతావరణం వివరాలు కూడా.

సుశీల పుట్టిన ఊరు, ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరు మాది. ఇక్కడ పాట వినడమంటే ఒకసారి పెట్టి వదిలేయడం కుదరదు. పాత నాటక పద్యాల రికార్డింగులైతే మరీను. మాట గొణుగుడులా మొదలై రాగం అందుకునేసరికి అద్దాలు అదురుతాయి. తగ్గించాలి, పెంచాలి, మళ్లీ తగ్గించాలి. పెద్ద కంపెనీలకూ ఇది తెలిసొచ్చింది: హోండా 2016 సివిక్‌లో నాబ్ తీసేసి, 2019 మోడల్‌లో మళ్లీ పెట్టింది. ఐరోపాలో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే ఇండికేటర్లు, హారను, వైపర్ల వంటివి చేతికి తగిలే మీటలతోనే ఉండాలంది. ఆ జాబితాలో సౌండు లేదు. ఉండాల్సింది.

తెర వెనక తీగల గుత్తిలో దేనికీ కలపని రెండు సన్నటి తీగలు మిగిలిపోయాయి. వాటి మీద కీ 1, కీ 2 అని రాసి ఉంది. తెరతో వచ్చిన కాగితంలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. స్టీరింగు మీద బటన్లున్న కార్ల కోసం ఇచ్చిన తీగలవి. నాకు ఈ తెర మీద మళ్లీ ప్రేమ పుట్టించినవి కూడా అవే.

పని చేసే తీరు తెలిస్తే ముచ్చటేస్తుంది. కీ తీగలో కొద్దిపాటి వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది. బటన్ నొక్కితే ఆ తీగ ఒక రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే చిన్న ముక్క, ఆ అడ్డును ఓముల్లో కొలుస్తారు) ద్వారా ఎర్త్‌కు కలుస్తుంది, వోల్టేజీ పడిపోతుంది. ఎంత పడిందో చూసి ఏ బటన్ నొక్కారో తెర గుర్తుపడుతుంది. ఒక్కో బటన్‌కు ఒక్కో విలువ ఇస్తే చాలా బటన్లకు ఒకే తీగ చాలు. సౌండు పెంచడానికి 470 ఓములు, తగ్గించడానికి 1 కిలో ఓము, తర్వాతి పాటకు 2.2, పూర్తిగా ఆపడానికి 4.7 పెట్టాను. అన్నీ కలిపినా ఒక టీ ఖర్చు. అల్యూమినియం పట్టీకి రంధ్రాలు చేసి, బటన్లు బిగించి, గేరు కడ్డీ పక్కన అమర్చాను. సెట్టింగుల్లో స్టీరింగు బటన్ల పేజీ తెరిచి, బటన్ నొక్కి పట్టుకుని తెర మీద పని పేరు తాకితే నేర్చుకుంటుంది. మొదటిసారి చూడకుండా సౌండు తగ్గించినప్పుడు కలిగిన ఆనందం, తెర బిగించిన రోజున కూడా కలగలేదు.

అది కూడా కొన్నాళ్లే. ఒక వర్షాకాలం తర్వాత మామయ్యగారిని తీసుకుని ఆదివారం అరసవల్లి వెళ్తున్నాం. రణస్థలం దాటాక ఆయనకిష్టమైన పద్యం మంచి రాగంలో ఉండగా ఆయన ఫోను మోగింది. నేను తగ్గించే బటన్ నొక్కాను. పద్యం ఆగి, మా అబ్బాయి దాచుకున్న డ్యాన్సు పాట పూర్తి సౌండుతో అందుకుంది. మళ్లీ నొక్కితే ఇంకో పాట. అవతలివాళ్లతో "తర్వాత మాట్లాడతాను" అని ఫోను పెట్టేసి, ఆయన తాపీగా అన్నారు: "బాబూ, మీ డబ్బాకి పద్యం పడదనుకుంటాను."

ఇంటికి వచ్చి ఓములు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే కారణం దొరికింది. చవక బటన్ల లోపలి రేకులు తేమకు చిలుము పట్టాయి. ఆ చిలుమే అదనపు రెసిస్టర్ అయింది. 1 కిలో ఓము చూపాల్సిన చోట 2 దాటి ఊగుతోంది. తెర దాన్ని తర్వాతి పాట అనుకుంది. దాని లెక్క ప్రకారం అది సరిగానే పని చేసింది. నీరు చొరని, రబ్బరు తొడుగున్న బటన్లు వేశాక ఆ గోల మళ్లీ రాలేదు. అయినా వానలు వెలిశాక ఒకసారి మల్టీమీటర్‌తో చూస్తూనే ఉన్నాను.

కొనమని చెప్పాలా వద్దా అంటే, పక్క సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇంటికి ఈ తెర నిక్షేపంలా సరిపోతుంది. సౌండు వాళ్లు చూసుకుంటారు. స్టీరింగు మీద ముందే బటన్లున్న కారైతే కీ తీగలు కలిపించారో లేదో షాపు నుంచి కదలకముందే నొక్కి చూసుకోవాలి. నాలా ఒంటరిగా పల్లె రోడ్ల మీద తిరుగుతూ, సోల్డరింగు కూడా రానివాళ్లయితే నాబ్ ఉన్న ఏడంగుళాలది దొరికేదాకా ఆగమంటాను. తెర రెండంగుళాలు తగ్గినా పద్యానికి వచ్చే లోటేమీ లేదు.